ఎలక్ట్రిక్ కారుకి యాక్సిల్ పోతే: కంపెనీ రోడ్‌సైడ్ సర్వీసు, మలికిపురం మెకానిక్

మలికిపురం వైపు నా ఎలక్ట్రిక్ కారు యాక్సిల్ విరిగి దారిలో ఆగిపోయింది. ఆ రోజు పిలిచినవాళ్ళకీ, వచ్చినవాళ్ళకీ ఇవి నా మార్కులు. కంపెనీ రోడ్‌సైడ్ సర్వీసుకి అయిదింట రెండు మార్కులు. బండిని ఎక్కించుకుని వెళ్ళిన ఫ్లాట్‌బెడ్ డ్రైవర్‌కి అయిదుకి అయిదు. సర్వీస్ సెంటర్‌కి ఒకటి వేద్దామనుకున్నాను గానీ, చివర్లో మేనేజర్ దిగొచ్చి మాట్లాడినందుకు రెండున్నర. మలికిపురం దగ్గర షెడ్డు పెట్టుకున్న మెకానిక్‌కి నేను మార్కులు వేయలేను. ఆయన చేసినదానికి పుచ్చుకున్నది మోటార్ సైకిల్ పెట్రోలు డబ్బులు మాత్రమే. కంపెనీ పేరు రాయడం లేదు. రాస్తే "మా బండికీ ఇంతే" అనేవాళ్ళు ఒక పార్టీ, "మా బండి బ్రహ్మాండంగా ఉంది" అనేవాళ్ళు ఇంకో పార్టీ అయిపోతారు, అసలు సంగతి పక్కకి పోతుంది.

నాది అంబాజీపేట, కొబ్బరి వ్యాపారం. చెట్ల నుంచి కాయ దింపు ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్ళాలి, కాయ చూడాలి, బేరం తేల్చాలి, సాయంత్రానికి కొట్టుకొచ్చి లెక్కలు చూసుకోవాలి. ఒక రోజు పి.గన్నవరం వైపు, ఒక రోజు రాజోలు, ఇంకో రోజు వశిష్ఠ గోదావరి దాటి పాలకొల్లు. డీజిల్ పోయించీ పోయించీ విసుగొచ్చి ఎలక్ట్రిక్ కారు కొన్నాను. ఖర్చు విషయంలో ఇప్పటికీ నాకు వంక లేదు. కొట్టు వెనక 15 ఆంప్స్ ప్లగ్గుకి రాత్రి తగిలిస్తే తెల్లారేసరికి నాకు సరిపడా ఎక్కుతుంది. యూనిట్ కరెంటుకి ఆరేడు కిలోమీటర్లు నడుస్తుంది. మాది బల్లపరుపు నేల. ఎత్తు ఎక్కడమంటే ఏటిగట్లు, కాలువల మీద వంతెనలు, అంతే.

కొన్న కొత్తలో కొట్టుకొచ్చిన ప్రతివాడూ బ్యాటరీ గురించే అడిగేవాడు. ఎన్నాళ్ళొస్తుంది, వానకి షాక్ కొడుతుందా, వరదొస్తే ఏంటి సంగతి? షోరూమ్ వాళ్ళు చెప్పినదే అందరికీ అప్పజెప్పేవాణ్ణి. బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ, ఐపీ 67 రేటింగ్, అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా బ్యాటరీ పెట్టెలోకి నీరు చేరదు. ఇన్ని ప్రశ్నల్లో ఒక్కరూ యాక్సిల్ గురించి, అంటే చక్రాన్ని తిప్పే రాడ్డు గురించి అడగలేదు. షోరూమ్ వాళ్ళయితే "ఇందులో పాడవడానికి ఏముంది సర్, ఇంజిన్ లేదు, క్లచ్ లేదు, ఆయిల్ లేదు" అన్నారు. ఆ ఆయిల్ మాట గుర్తుంచుకోండి, బిల్లు దగ్గర మళ్ళీ వస్తుంది.

సంఘటనకి కొన్ని వారాల ముందే బండి నాకు సంగతి చెప్పింది. స్టీరింగ్ బాగా తిప్పి మలుపు తీసుకున్నప్పుడల్లా ఎడమ ముందు చక్రం వైపు టక్ టక్ మని చప్పుడు. డీజిల్ బండిలో అయితే ఆ రొదలో వినబడేది కాదేమో. ఇందులో ఇంజిన్ మోత లేదు కాబట్టి గచ్చు మీద చెప్పులతో నడిచినంత స్పష్టంగా వినిపించింది. పీరియాడిక్ సర్వీసుకి ఇచ్చినప్పుడు అడ్వైజర్‌కి చెప్పాను, జాబ్ కార్డు మీద రాయించాను కూడా. సాయంత్రం బండి ఇచ్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామన్నారు, శుభ్రంగా కడిగారు, లోపల సెంటు కూడా కొట్టారు. చప్పుడు సంగతేమిటంటే "టెస్ట్ డ్రైవ్ చేశాం సర్, నార్మల్" అన్నారు. జాబ్ కార్డు మీద కూడా ఇంగ్లీషులో అదే మాట, కింద సంతకం. లిఫ్ట్ మీదకి ఎత్తి ఒక్కసారి కింద టార్చి వేసి చూసుంటే ఈ రివ్యూ రాసే పనే ఉండేది కాదు.

సరే, ఆ రోజు. దాళ్వా మాసూళ్ళ రోజులు, అంటే రెండో పంట కోతలు, నూర్పిళ్ళ కాలం. సఖినేటిపల్లి వైపు తోటలో కాయ చూసేది ఉందంటే మా మేనత్త కూడా బయల్దేరింది, అంతర్వేది నరసింహస్వామిని చూసి చాలా కాలమైందని. దర్శనం అయింది, తోట చూడటం అయింది, మలికిపురం వైపు తిరుగు ప్రయాణం. ఒక చిన్న కాలువ వంతెన ఎక్కుతుంటే ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చింది. రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి ఉంది, ఇద్దరికీ చోటు లేదు. ఎత్తు మీదే ఆగి దానికి దారిచ్చాను. అది వెళ్ళాక యాక్సిలరేటర్ నొక్కితే ముందు నుంచి ఠప్ మని ఒక్క దెబ్బ. ఆ తరవాత మోటారు తిరుగుతున్న సన్నటి ఈల వినిపిస్తోంది, బండి మాత్రం కదలదు.

తెర మీద ఏ ఎర్ర గుర్తూ లేదు. ఛార్జింగ్ 61 శాతం, ఏసీ చల్లగా వస్తోంది, పాటలు కూడా వస్తున్నాయి. మా అత్త వెనక సీటులోంచి, "కరెంటు పోయిందేమోరా, వచ్చేదాకా చెట్టు కింద కూర్చుందాం" అంది.

బ్రేకు మీద కాలు ఉంచే పీ, అంటే పార్కింగ్ బటన్ నొక్కాను. దిగి చూద్దామని కాలు తీశానో లేదో బండి వెనక్కి జారడం మొదలెట్టింది! వెనక కాలువ మలుపు. మళ్ళీ బ్రేకు తొక్కి, ఈసారి హ్యాండ్‌బ్రేక్ స్విచ్ లాగితే నిలబడింది. ఎలక్ట్రిక్, ఆటోమేటిక్ బండ్లు నడిపేవాళ్ళలో చాలామంది పీ నొక్కి దిగిపోతారు, అందుకే ఇది కాస్త వివరంగా చెప్పాలి. పీ అనేది బ్రేకు కాదు. గేర్‌బాక్స్ లోపల పళ్ళచక్రానికి అడ్డుపడే ఇనుప కొక్కెం. గేర్‌బాక్స్ నుంచి చక్రానికి వెళ్ళే యాక్సిల్ ఊడిపోతే ఆ కొక్కెం గేర్‌బాక్స్‌ని పట్టుకుని ఉంటుందే గానీ చక్రాన్ని ఆపలేదు. రెండో వైపు యాక్సిల్ బాగానే ఉందిగా అంటారా? మధ్యలో డిఫరెన్షియల్ ఉంటుంది, రెండు వైపులకీ బలం పంచే పళ్ళచక్రాల అమరిక. అది ఒక వైపు వదులైతే రెండో వైపునీ వదిలేస్తుంది. బండి ముందుకి కదలకపోవడానికీ అదే కారణం, మోటారు బలమంతా అడ్డులేని వైపుకే పోతుంది. హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలని నేరుగా పట్టుకుంటుంది కాబట్టి దానికి ఈ గొడవ లేదు. పక్కన రొయ్యల చెరువు దగ్గర కాపలా కుర్రాడు పరిగెత్తుకొచ్చి చక్రాల వెనక తాటి దుంగ ముక్కలు వేశాడు. లంక భూముల్లో రాయి కావాలంటే రాజమండ్రి నుంచి తెచ్చుకోవాలి కదా మరి.

అప్పుడు రోడ్‌సైడ్ సర్వీసుకి ఫోన్ కొట్టాను. ఈ సర్వీసుకి ఏటా విడిగా డబ్బు కడుతున్నాను. తెలుగులో మాట్లాడాలంటే ఫలానా నంబరు నొక్కమంది, నొక్కాను, హిందీ అబ్బాయి వచ్చాడు. తరవాత తెలుగమ్మాయికి కలిపారు. పాపం మర్యాదగానే మాట్లాడింది. ఆ అమ్మాయి ముందున్న కంప్యూటర్లో ప్రశ్నలన్నీ కరెంటు గురించే, అదీ వచ్చిన చిక్కు.

"డిస్‌ప్లే మీద ఏం ఎర్రర్ వస్తోంది సర్?"

"ఏమీ రావట్లేదమ్మా. యాక్సిల్ ఏదో విరిగినట్టుంది."

"ఛార్జ్ ఎంత ఉంది సర్?"

చెప్పాను. ఆఫ్ చేసి ఆన్ చేయమంది. చేశాను. పన్నెండు వోల్టుల బ్యాటరీ వీక్ అయి ఉండొచ్చు, జంప్ స్టార్ట్‌కి మనిషిని పంపిస్తానంది. ఎలక్ట్రిక్ కార్లు దారిలో ఆగిపోవడానికి ఆ చిన్న బ్యాటరీ పెద్ద కారణమే, కాదనను. పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా అది డౌనైతే కంప్యూటర్లు లేవవు, బండి ఆన్ కాదు. కానీ నా బండి ఆన్‌లోనే ఉంది, పాటలు పాడుతోంది! మోటారు తిరుగుతోంది, చక్రం తిరగడం లేదు అని నాలుగు రకాలుగా చెప్పాక చివరికి "టోయింగ్ పంపిస్తాం" అని మెసేజ్ పంపింది. గంటన్నరలో వస్తుందని అందులో ఉంది.

ఈలోగా ఆ చెరువు కుర్రాడు ఎవరికో ఫోన్ చేశాడు. కాసేపటికి మోటార్ సైకిల్ మీద మెకానిక్ వచ్చాడు, యాభై ఏళ్ళుంటాయి, ట్యాంకు మీద గోనె సంచి, జేబులో చిన్న టార్చి. ముందు నమస్కారం పెట్టి, "ఇది కరెంటు బండి కదండీ, ముట్టుకోవచ్చా?" అని అడిగాడు. నేను కాల్ సెంటర్‌ని అడిగాను. "ప్రైవేట్ మెకానిక్ ఓపెన్ చేస్తే వారంటీ పోతుంది సర్" అంది అమ్మాయి. ఆయనకి వినపడింది. "విప్పనండి, చూస్తానంతే. చూస్తే పోయే వారంటీ అయితే ఎలాగూ నిలవదు" అని గోనె పరుచుకుని కిందకి దూరాడు.

రెండు నిమిషాలు పట్టలేదు. "ఇలా రండి, చూపిస్తాను" అన్నాడు. లుంగీ ఎగ్గట్టి నేనూ పడుకున్నాను. ఎడమ చక్రం లోపలి వైపు యాక్సిల్ జాయింటుకి నల్లటి రబ్బరు బూటు ఉంటుంది, అకార్డియన్ మడతల్లా. అది గుండ్రంగా కోసినట్టు తెగి రెండు ముక్కలై వేలాడుతోంది. లోపల ఉండాల్సిన గ్రీజు లేదు. చక్రం లోపలి అంచంతా, బ్రేకు పైపు మీదా ఎండిపోయిన గ్రీజు, దాని మీద ఇసక. జాయింటు కప్పు పగిలి, ఇనుప గోళీలు పట్టే పంజరం విరిగి, యాక్సిల్ రాడ్డు బయటికొచ్చేసింది. ఒక గోళీ బండి కింద అడ్డంగా ఉండే ఇనుప దూలం, క్రాస్ మెంబర్ మీద పడి ఉంది. తీసి నా చేతిలో పెట్టాడు. నున్నగా మెరవాల్సినది, తుప్పు పట్టి గుంటలు పడి ఉంది.

అసలు దొంగని అప్పుడు బయటికి లాగాడు. యాక్సిల్ రాడ్డు చుట్టూ బిగుసుకుపోయిన నైలాన్ దారం. నీలం రంగు, సన్నటిది. కొనతో లాగితే వస్తూనే ఉంది, వస్తూనే ఉంది. "చెరువులదండి. కొంగలు వాలకుండా గట్టు నుంచి గట్టుకి కడతారు కదా. తెగాక గాలికి రోడ్డు మీదకొచ్చి పడుతుంది. చక్రం లాక్కుంటుంది. ఒకసారి చుట్టుకుంటే రోజూ కాస్త కాస్త రబ్బరుని కోస్తుంది. ఈ వైపు ఆటోలకీ, ట్యాక్సీలకీ ఇదే జబ్బు."

బూటు తెగితే గ్రీజు విసిరేసినట్టు బయటికి పోతుంది, ఖాళీ అయిన చోటికి నీళ్ళు, ఇసక చేరతాయి. మా వైపు నీళ్ళంటే మామూలు నీళ్ళు కూడా కాదు. చేపల లారీలు, రొయ్యల వ్యాన్లు దారి పొడుగునా ఉప్పునీళ్ళు కార్చుకుంటూ పోతాయి. శంకరగుప్తం డ్రెయిన్ నుంచి ఎక్కే సముద్రపు నీటికి కేశనపల్లి వైపు నిలువెత్తు కొబ్బరిచెట్లే తలలు వాల్చేస్తుంటే ఇనుప గోళీలొక లెక్కా? దానికి తోడు ఎలక్ట్రిక్ మోటారు గుణం ఒకటుంది. నొక్కిన క్షణమే పూర్తి తిప్పుడు బలం ఇస్తుంది. అరిగిపోయిన జాయింటు మీద ఎత్తులో ఆ బలం ఒక్కసారిగా పడేసరికి విరిగింది.

ఆయన అన్న ఇంకో మాట నాకు బాగా పట్టుకుంది. కింద మధ్యలో వెళ్ళే నారింజ రంగు హై వోల్టేజీ కేబుళ్ళు టార్చితో చూపించి, "వాటి జోలికి నేను చచ్చినా పోనండి, అది చదువుకున్నవాళ్ళ పని. కానీ ఈ జాయింటూ, ఈ బూటూ, ఆ లోయర్ ఆర్మూ, బేరింగూ పెట్రోలు కారుకున్నవే. ముప్పై ఏళ్ళుగా మారుస్తున్నాను. సామాను ఇప్పిస్తే రేపు మధ్యాహ్నానికి బిగించేస్తాను" అన్నాడు. సామాను బయట దొరకదు, కంపెనీయే ఇవ్వాలి. ఆ ముక్క ఆయనకీ తెలుసు. గోళీని, దారాన్ని, తెగిన బూటుని ఫోటోలు తీయమన్నాడు, దారం ఒక కవర్లో వేసి ఉంచుకోమన్నాడు. బలవంతం చేస్తే పెట్రోలుకని మూడు వందలు తీసుకున్నాడు.

గంటన్నర దాటింది. జనం పోగయ్యారు, సలహాలు మొదలయ్యాయి. ఒకాయన ట్రాక్టరుకి తాడు కట్టి రాజోలు దాకా లాగేస్తానన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. వద్దన్నాను, మెకానిక్ కూడా వద్దన్నాడు. ఊడిన రాడ్డు తిరుగుతూ బ్రేకు పైపుని, సెన్సార్ వైరుని కొట్టేస్తుంది. అసలు ఎలక్ట్రిక్ బండ్లని డ్రైవ్ చక్రాలు నేల మీద ఉంచి లాగకూడదని మాన్యువల్‌లోనే ఉంటుంది. అయస్కాంతాలున్న మోటారుని చక్రాలు తిప్పితే అది జనరేటర్‌లా కరెంటు పుట్టిస్తుంది, కంట్రోలర్ కాలే ప్రమాదం. నాలుగు చక్రాలూ పైకెక్కించే ఫ్లాట్‌బెడ్ కావాలని ఫోన్లో గట్టిగా అడగండి. అడక్కపోతే రెండు చక్రాలే ఎత్తి లాక్కెళ్ళే కొక్కెం లారీ పంపినా పంపుతారు.

రెండు గంటలకి డ్రైవర్ ఫోన్ చేశాడు. భీమవరం వైపు కుర్రాడు. "సర్, మీ దగ్గరికి మ్యాప్‌లో ఇంకా కొంచెమే చూపిస్తోంది, కానీ నా ముందు గోదారి ఉందండి" అన్నాడు. మ్యాప్ అతన్ని నరసాపురం పంటు రేవుకి తీసుకెళ్ళి నిలబెట్టింది! పంటు అంటే బళ్ళని కూడా ఏరు దాటించే బల్లకట్టు. అవతలి గట్టు సఖినేటిపల్లి, కళ్ళ ముందు కనిపిస్తూనే ఉంటుంది. మనుషులూ, మోటార్ సైకిళ్ళూ, చిన్న కార్లూ పంటు మీద దాటేస్తాయి. ఫ్లాట్‌బెడ్ లారీని ఎక్కించుకునే ధైర్యం పంటు వాళ్ళకి లేదు. మళ్ళీ వెనక్కి పాలకొల్లు పోయి, చించినాడ వంతెన దాటి, దిండి మీదుగా రావాలి. ఆ కుర్రాడు ఒక్క విసుగు మాట అనలేదు. కాల్ సెంటర్ వాళ్ళు మాత్రం ఆ గంటలో నాకు "మీ సమస్య పరిష్కారమైంది, రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్ పంపారు. నేను కోసిన మూడు మార్కుల్లో ఒకటి ఇందుకే.

చీకటి పడ్డాక వచ్చాడు. చూడాల్సింది అతని పని. ముందు బండి ఆన్ చేయించి, న్యూట్రల్‌లో పెట్టించి, హ్యాండ్‌బ్రేక్ తీసే ముందే వించి తాడు బిగించాడు, జారకుండా. ఊడిన రాడ్డుని గుడ్డ చుట్టి పక్కకి కట్టాడు. టో హుక్ డిక్కీలో ఎక్కడుంటుందో నాకంటే అతనికే బాగా తెలుసు. పైకెక్కాక నాలుగు చక్రాలకీ బెల్టులు వేసి, కొంచెం దూరం నడిపి, ఆపి, బెల్టులు మళ్ళీ బిగించాడు. అత్తని క్యాబిన్‌లో కూర్చోబెట్టి మలికిపురంలో మా చుట్టాలింటి దగ్గర దింపాడు, అది అతని పని కాకపోయినా. "కరెంటు బళ్ళు ఎక్కువ వస్తున్నాయా బాబూ" అనడిగితే, "వస్తున్నాయండి, సగం బళ్ళకి కరెంటు రోగం కాదు, టైర్లు, యాక్సిళ్ళు, కింద గీరుకోవడాలు" అన్నాడు.

సర్వీస్ సెంటర్ సంగతి పొడుగు, తలచుకుంటే ఒళ్ళు మండుతుంది, తొందరగా చెప్పేస్తాను. మర్నాడు ఫోన్ చేసి "రబ్బరు బూటు అరుగుదల సామాను సర్, పైగా బయటి వస్తువు చుట్టుకుంది, వారంటీ రాదు" అన్నారు. యాక్సిల్ సెట్టు ధర విని కుర్చీలో కూర్చున్నాను. ఇన్సూరెన్స్ వస్తుందా అంటే రాదు. మామూలు మోటారు పాలసీలో యాక్సిడెంటుకి కవరేజీ ఉంటుంది గానీ మెకానికల్ బ్రేక్‌డౌన్‌కి ఉండదు. అప్పుడు పాత జాబ్ కార్డు ఫోటో పంపాను. ఎడమ వైపు చప్పుడు అని నేను రాయించినది, నార్మల్ అని వాళ్ళు రాసి సంతకం పెట్టినది. అప్పుడే బూటు చూసుంటే ఒక రబ్బరు, కాస్త గ్రీజుతో పోయేది కదా, ఇప్పుడు యాక్సిల్ పోవడానికి బాధ్యత ఎవరిది అని ఒకే ప్రశ్న మెయిల్ పెట్టాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇస్తున్నానని చివర్లో రాశాను. మర్నాడే మేనేజర్ స్వయంగా ఫోన్ చేశాడు. యాక్సిల్ సెట్టు కంపెనీ ఇస్తుంది, లేబర్ నేను కట్టాలి అని తేల్చాడు. నాకది న్యాయమనిపించలేదు, కానీ దింపుల కాలంలో బండి లేకుండా ఉండలేక ఒప్పుకున్నాను. సామాను రావడానికి రెండు వారాలు దాటింది. ఆ రెండు వారాలూ బావమరిది పాత డీజిల్ బండి వాడాను. వాడు ఎప్పుడూ లేనంత ఆనందంగా తాళాలు ఇచ్చాడు.

బిల్లులో ఒక లైను చూసి నవ్వొచ్చింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ అని రాసి, డబ్బు. "ఇందులో ఆయిల్ ఉండదన్నారు కదండీ" అంటే అడ్వైజర్ కాసేపు తల గోక్కుని, "ఇంజిన్ ఆయిల్ ఉండదు సర్, గేర్‌బాక్స్‌కి ఉంటుంది" అన్నాడు. మోటారు వేగాన్ని తగ్గించి చక్రానికిచ్చే ఒకటే గేరున్న పెట్టె అది. యాక్సిల్ లాగితే అందులో ఆయిల్ కారుతుంది, సీలు మార్చి మళ్ళీ నింపాలి. ఇవన్నీ అమ్మేటప్పుడు చెబితే కొనడం మానేస్తామా?

బండి ఇప్పుడు బాగుంది, చప్పుడు లేదు. పని నాణ్యతకి వంక పెట్టను, అలైన్‌మెంట్ కూడా సరిగ్గా చేశారు. ఇక్కడ తిరిగేవాళ్ళు ఒకటి చేయండి. ఖాళీ చోట స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడపండి, తరవాత రెండో పక్కకి. టక్ టక్ వినిపిస్తే ఎవరు నార్మల్ అన్నా నమ్మకండి, లిఫ్ట్ ఎక్కించి మీ కళ్ళ ముందు బూట్లు చూపించమనండి. చక్రం లోపలి అంచు మీద నల్లటి గ్రీజు చిమ్మినట్టు కనిపించినా అదే అర్థం. నేనైతే టైర్లలో గాలి పట్టించినప్పుడల్లా మలికిపురం షెడ్డు దగ్గర ఆగుతున్నాను. ఆయన గోనె పరుచుకుని కిందకి దూరి, దారం ఏమైనా చుట్టుకుంటే బ్లేడుతో కోసి తీసేస్తాడు. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక ముక్క దొరుకుతూనే ఉంది. ఆ పనికి వారంటీ అడ్డం రాదు.

ఇంకో సంగతి. జాతీయ రహదారి మీద ఆగిపోతే కంపెనీ కోసమే చూస్తూ కూర్చోకండి, 1033కి కొడితే హైవే వాళ్ళు వస్తారు. దిండి, రాజోలు, అమలాపురం మీదుగా వెళ్ళే 216 దాని కిందకే వస్తుంది. నేను ఆగింది లోపలి రోడ్డు కాబట్టి ఆ అదృష్టం లేదు.

మొన్న రోడ్‌సైడ్ ప్లాన్ రెన్యువల్‌కి ఫోన్ వచ్చింది. ఫిర్యాదులన్నీ ఏకరువు పెట్టి చివరికి డబ్బు కట్టాను. ఎందుకంటే చుట్టుపక్కల విచారిస్తే నాకు విడిగా ఫ్లాట్‌బెడ్ అద్దెకిచ్చేవాడు ఎవరూ దొరకలేదు, భీమవరం నుంచో రాజమండ్రి నుంచో రప్పించుకుంటే ఒక్కసారి కిరాయే ఏడాది ప్లాన్ కంటే ఎక్కువ అడిగారు. మలికిపురం, సఖినేటిపల్లి వైపు పిలుపు వస్తే చించినాడ వంతెన మీదుగా పంపమని నా ఖాతాలో రాసుకోమన్నాను. రాసుకున్నామన్నారు.